టేపు లాగుతోంది

1996 ఎండాకాలం. హ్యూస్టన్ దక్షిణపు వైపు మా బావ గ్యాస్ స్టేషన్‌లో రాత్రి డ్యూటీ నాది. అక్క స్పాన్సర్ చేస్తే వచ్చినవాణ్ణి, వచ్చి నాలుగు నెలలన్నా కాలేదు. కౌంటర్ వెనక ఒక డబుల్ డెక్ టేప్‌రికార్డరు ఉండేది. ఒక అర్ధరాత్రి ఓ కుర్రాడు వచ్చి ఐసు, స్ప్రైటు, రెండు ఫోమ్ కప్పులు కొని, జేబులోంచి బూడిదరంగు క్యాసెట్ తీసి "బాస్‌మ్యాన్, ఇది పెట్టు" అన్నాడు.

పెట్టాను. గుండె గుభేలుమంది. పాడేవాడి గొంతు పాడుబావి అడుగు నుంచి వస్తున్నట్టుంది. డ్రమ్ము మీద ఒక దెబ్బ పడ్డాక రెండో దెబ్బ పడుతుందా లేదా అని కాచుకుని ఉండాల్సి వస్తోంది. చటుక్కున స్టాప్ నొక్కి, నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను: "నీ క్యాసెట్ మంచిదే. మా డెక్కే లాగుతోంది. బెల్టు వదులైనట్టుంది, రేపటికి బాగుచేసి పెడతా."

ఆ కుర్రాడు కౌంటర్ మీద అరచేతులతో కొట్టి మరీ నవ్వాడు.

నాకంత కంగారు ఎందుకో చెప్పాలి. తెనాలిలో మా మేనమామకు పాటల రికార్డింగ్ షాపు ఉండేది. ఇంటరు తప్పిన 1984 మొదలు పదేళ్ల పైచిలుకు నేను ఆ కొట్లోనే కూర్చున్నాను. జనం ఖాళీ క్యాసెట్ ఒకటి, చీటీ ఒకటి పట్టుకొచ్చేవాళ్లు. చీటీ మీద పన్నెండో పద్నాలుగో పాటలు. దాని కింద షరతులు: ముందు ఒక దేవుడి పాట పడాలి, ఘంటసాల పక్కన కొత్తవాళ్లు రాకూడదు, సైడు ఎ చివర పాట సగంలో తెగకూడదు. పెళ్లి కుదిరినవాడి చీటీ ఒక రకం, ఉద్యోగం పోయినవాడి చీటీ ఒక రకం. మామయ్య ఆ చీటీలన్నీ ఇనప చువ్వకు గుచ్చి పెట్టేవాడు. కువైట్‌లో కొడుకు ఉన్న తల్లిదండ్రులైతే "ఒక పక్క పాటలు ఎక్కించు నాయనా, రెండో పక్క ఖాళీగా వదిలెయ్, మేం మాట్లాడతాం" అనేవాళ్లు. ఆ రెండో పక్కన కోళ్ల అరుపులు, పక్కింటావిడ పలకరింపు, ఎరువుల ధర, గేదె ఈనిన సంగతి అన్నీ ఎక్కేవి.

ఆ వ్యాపారంలో పెద్ద తిట్టు "టేపు లాగుతోంది" అన్న మాట. క్యాసెట్ రీలు సెకనుకు 4.76 సెంటీమీటర్ల చొప్పున నడవాలి. బెల్టు సాగినా, పించ్ రోలర్‌కి జిడ్డు పట్టినా, టూ-ఇన్-వన్‌లో సెల్లులు అయిపోవచ్చినా నడక తగ్గిపోతుంది, గొంతు దిగిపోతుంది. సుశీలమ్మ మగవాడిలా పాడుతుంది, ఘంటసాల ఘటోత్కచుడైపోతాడు. సెల్లులు తీసి ఎండలో పెడితే ఇంకో నాలుగు పాటలు నడిచేవి. ఆ లాగుడు వినబడకుండా చూసుకోవడమే మా పని. రోజూ పొద్దున దూదికి స్పిరిట్ అద్ది హెడ్లు తుడవందే షాపు తెరిచేవాళ్లం కాదు.

అలాంటి నన్ను పట్టుకుని, మర్నాడు ఆ కుర్రాడు చెప్పాడు: దీన్ని ఒకాయన కావాలనే ఇలా చేస్తాడు, ఊళ్లో సగం మంది దీనికోసమే బారులు కడతారు అని. ఆయన పేరు స్క్రూ.

అసలు పేరు రాబర్ట్ ఎర్ల్ డేవిస్ జూనియర్. 1971లో పుట్టాడు, పెరిగింది టెక్సస్‌లోనే స్మిత్‌విల్ అనే చిన్న ఊళ్లో. తండ్రి లారీ డ్రైవరు. నచ్చని రికార్డు దొరికితే పిల్లాడు స్క్రూతో దాని మీద గీతలు గీసి పాడుచేసేవాడట, ఆ పేరు అలా పడింది. హ్యూస్టన్ చేరి, చదువు మానేసి, డీజే అయ్యాడు. 1990ల మొదట్లో పాటల్ని నిదానం చేయడం మొదలుపెట్టాడు.

చేసే పద్ధతి నాకు తెలిసిన పనికి తల్లకిందులుగా ఉంటుంది, కానీ పనితనం అదే. రెండు టర్న్‌టేబుళ్ల మీద ఒకే రికార్డు ప్రతులు రెండు పెడతాడు. రెండోది మొదటిదాని కంటే ఒక దెబ్బ వెనకగా తిరుగుతుంది. ఇటూ అటూ మీట జరుపుతూ పోతే పాడేవాడు అన్న మాటే ఇంకోసారి అన్నట్టు, తడబడి మళ్లీ నిలదొక్కుకున్నట్టు వినిపిస్తుంది. వాళ్ల భాషలో అది 'చాప్'. అలా కలిపినదాన్ని ఫోర్ ట్రాక్ రికార్డరు మీద పిచ్ తగ్గించి క్యాసెట్‌కి ఎక్కిస్తాడు. నడకతో పాటు గొంతూ దిగుతుంది. మాటలు స్పష్టంగా వినపడాలి, రాపర్ ఏమంటున్నాడో మనసుకు పట్టాలి, అందుకే ఇలా చేస్తానని ఆయన చెప్పుకున్నాడు. ఇంగ్లీషు సరిగా రాని నాకు మాత్రం అది అక్షరాలా నిజమైంది. రేడియోలో వేగంగా పోయే రాప్‌లో ఒక్క ముక్క అంతుపట్టేది కాదు. ఈ టేపుల్లో మూడో మాటో నాలుగో మాటో చిక్కేది. నా హ్యూస్టన్ ఇంగ్లీషులో కొంత ఇక్కడ నేర్చుకున్నదే. కొన్ని మాటలు ఇంట్లో వాడితే అక్క కసిరింది.

నన్ను నిజంగా కట్టిపడేసింది వేగం సంగతి కాదు. ఆ టేపులు తయారయ్యే తీరు. తొలి రోజుల్లో జనం స్క్రూ దగ్గరికి చీటీలు పట్టుకెళ్లేవాళ్లు! నాకీ పాటలు కావాలి, ఈ వరసలో కావాలి, మధ్యలో మా వీధి పేరు చెప్పాలి, జైల్లో ఉన్న మావాణ్ణి తలుచుకోవాలి. పుట్టినరోజుకని, ఊరికి పోతున్నానని, ఒక్కొక్కరి పేరు మీద ఒక్కో టేపు. కుర్రాడు ఈ మాట చెప్పిన రాత్రి నాకు మామయ్య ఇనప చువ్వ కళ్లముందు కదిలింది. తేడా ఒకటే: మా షాపుకొచ్చినవాడు పాటల్ని ఎంచుకునేవాడే గానీ పాటలోకి వచ్చేవాడు కాదు. ఇక్కడ టేపు చేయించుకున్నవాడు మైకు పట్టుకుని టేపులోకే వచ్చేస్తాడు.

దీనికి గొప్ప ఉదాహరణ ఆ కుర్రాడు నాకిచ్చిన టేపే. 1996 జూన్ 27. స్క్రూ మిత్రబృందంలో డీమో అనే అతని పుట్టినరోజు. ఆ రాత్రి స్క్రూ ఇంట్లో నేస్తాలు చేరారు. అట్లాంటాకి చెందిన క్రిస్ క్రాస్ అనే పిల్లల జంట పాట ఒకదాని సంగీతం పెట్టి, దాని మీద ఒకరి తర్వాత ఒకరు అప్పటికప్పుడు అల్లుకుంటూ పాడారు. బిగ్ మో, బర్డ్, కీ-సీ, యంగ్‌స్టార్, బిగ్ పోకీ. ముప్పై అయిదు నిమిషాల పాటు ఒకే బాణీ, ఆపకుండా. పుట్టినరోజు కుర్రాడి పేరు, వీధుల పేర్లు, కార్ల రంగులు, చనిపోయినవాళ్లు, వీటన్నిటి మధ్య కూనిరాగాలు. బిగ్ మో సగం పాడతాడు, సగం మాట్లాడతాడు, గుళ్లో గాయకుడిలా గమకం తీస్తాడు. బిగ్ పోకీ వంతును నా కౌంటర్ దగ్గరికొచ్చే కుర్రాళ్లు ముక్క పోకుండా అప్పజెప్పేవాళ్లు, మనవాళ్లు కురుక్షేత్రం పద్యాలు అప్పజెప్పినట్టు. ఒకడు ఎత్తుకుంటే పెట్రోలు పోసుకుంటున్న ముక్కూమొహం తెలియని ఇంకొకడు బయటినుంచి అందుకునేవాడు.

ఇది రికార్డు కంపెనీ వేసిన ఆల్బమ్ కాదు. అట్టమీద బొమ్మ లేదు, టీవీలో వీడియో లేదు, ఎన్ని అమ్ముడయ్యాయో లెక్క రాసినవాడు లేడు. స్క్రూ పేరు మీద దుకాణాల్లోకి వచ్చిన ఆల్బమ్‌లూ ఉన్నాయి. హ్యూస్టన్‌లోని బిగ్‌టైమ్ అనే చిన్న కంపెనీ '3 ఇన్ ద మార్నింగ్' వేసింది. హక్కుల గొడవ రాకుండా అందులో స్థానికుల పాటలే వాడారు. మంచి పనే. కానీ కుర్రాళ్లకు ప్రాణం మాత్రం బూడిదరంగు టేపులే. వాటిని 'గ్రే టేప్స్' అనేవాళ్లు. వంద నిమిషాల క్యాసెట్, పది డాలర్లు. పాట నిదానమైతే నిడివి పెరుగుతుంది కదా, అరవై నిమిషాల క్యాసెట్ చాలదు. మా షాపులో రికార్డింగ్ పది రూపాయలు. అంకె ఒకటే.

అనుమతి సంగతి అడగొద్దు. న్యూయార్కువాళ్ల పాటైనా, కాలిఫోర్నియావాళ్ల పాటైనా స్క్రూ ఎవర్నీ అడిగింది లేదు. మేమూ మద్రాసులో ఎవర్నీ అడగలేదు. కాపీరైటువాళ్లు వస్తున్నారంటే మామయ్య చీటీల చువ్వను బియ్యం డబ్బాలో దాచేవాడు.

దక్షిణాన స్క్రూ ఇంటి దగ్గర చీకటిపడ్డాక కార్లు వరస కట్టేవి. కుర్రాళ్లు దిగడం, లోపలికెళ్లడం, రెండు నిమిషాల్లో వచ్చి వెళ్లిపోవడం. ఇక్కడేదో మత్తుమందు అమ్ముతున్నారని పోలీసులకు అనుమానం. వచ్చినవాళ్ల చేతుల్లో ఉన్నవి చూస్తే క్యాసెట్లు. చివరికి 1998 ప్రాంతంలో కల్లెన్ రోడ్డు మీద 'స్క్రూడ్ అప్ రికార్డ్స్ అండ్ టేప్స్' అని షాపు తెరిచాడు. పేరుకి రికార్డుల షాపే గానీ అక్కడ దొరికేది స్క్రూ చేసిన టేపులే, ఇంకోటి కాదు. ఆ కల్లెన్ రోడ్డే తిన్నగా దక్షిణానికి పియర్‌లాండ్ దాకా పోతుంది. పియర్‌లాండ్‌లో మన మీనాక్షి అమ్మవారి గుడి. వారం వారం పులిహోర డబ్బాతో ఆ రోడ్డు మీద పోయే తెలుగువాళ్లలో ఎందరు ఆ షాపు వంక తల తిప్పి చూసుంటారో. మా బావ చూసేవాడు, కారు తలుపులు లాక్ అయ్యాయో లేదో చూసుకోవడానికి.

ఈ పాట ఇంట్లో వినేది కాదు, కార్లో వినేది. హ్యూస్టన్ పరుచుకున్న ఊరు. ఎక్కడికెళ్లాలన్నా ముప్పావు గంట. ఆగస్టులో గాలి తడిగుడ్డలా ఒంటికి అంటుకుంటుంది. ఆ ఉక్కలో పాత కాడిలాక్‌నో బ్యూక్‌నో కొని, బెల్లం పాకం పోసినట్టు నిగనిగలాడే రంగు వేయించి, పక్కలకి పొడుచుకొచ్చే తీగల చక్రాలు బిగించి, డిక్కీలో స్పీకర్లు నింపి, మనిషి నడిచే వేగానికి కాస్త ఎక్కువగా నడిపేవాళ్లు. దాన్ని 'స్లాబ్' అంటారు. ఆదివారం సాయంత్రం మెక్‌గ్రెగర్ పార్కు దగ్గర అవి ఒకదాని వెనక ఒకటి పోతుంటే మన తిరునాళ్లలో ప్రభలు కదిలినట్టే ఉండేది. ప్రభ పరుగెత్తదు. పరుగెత్తితే చూసేదేముంది? ఆ బండి నడకకు సరిపడేలా పాట ఉండాలి. వేగం పాటతో పోయేవాడు అలా నడపలేడు.

ఈ నిదానానికి ఇంకో పాత వరస కూడా ఉందనుకుంటాను. అదే దక్షిణపు వైపు థర్డ్ వార్డ్‌లో, డౌలింగ్ వీధిలో లైట్నిన్ హాప్కిన్స్ అనే బ్లూస్ గాయకుడు గిటారు పట్టుకుని పాడుకుంటూ తిరిగేవాడు, 1982లో పోయాడు. ఆయన పాటల్లోనూ తాళం ఎవరికోసమూ తొందరపడదు. స్క్రూ దాన్ని విని నేర్చుకున్నాడనడం లేదు. ఆ ఊళ్లో మాటే సాగదీసి మాట్లాడతారు.

ఒకసారి డెక్‌లో నా సొంత క్యాసెట్ పెట్టుకున్నాను, ఘంటసాల పద్యాలు. ఆ కుర్రాడు వచ్చి, చిప్స్ పొట్లం చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. రాగం సాగి సాగి పద్యం ముగిశాక అడిగాడు: "దీన్ని ఎవరు స్లో చేశారు?" ఎవరూ చెయ్యలేదు, ఆయన అలాగే పాడతాడన్నాను. నమ్మలేదు. బెల్టు చూసుకోమన్నాడు.

ఐసు, స్ప్రైటు, రెండు కప్పులు అన్నాను కదా. కప్పులు రెండెందుకో నాకు తెలియడానికి ఏడాది పట్టింది. కొడీన్ కలిసిన దగ్గు మందును సోడాలో కలుపుకుని తాగేవాళ్లు. చల్లదనానికి చెయ్యి తిమ్మిరెక్కకుండా కప్పులో కప్పు. మందు నేనమ్మలేదు. కప్పులు, ఐసు, సోడా అమ్మాను, రాత్రికి ఎన్నో. అది తెలిశాక బావకు చెప్పాను. మనం అమ్మకపోతే పక్క స్టేషన్‌వాడు అమ్ముతాడన్నాడు. నేను డ్యూటీ మానలేదు.

బయటివాళ్లు ఈ టేపుల గురించి రాసినప్పుడల్లా ముందుగా ఈ మందే రాశారు. ఆ మత్తుకు ఈ నిదానం పుట్టిందని, మత్తులో ఉన్నవాడికే ఇది ఎక్కుతుందని. స్క్రూ దాన్ని ఒప్పుకోలేదు. ఏ మందూ ముట్టని మా స్టేషన్ ఊడ్చే పెద్దాయన కూడా ఇవే టేపులు వినేవాడు. ఆయన మనవడి పేరు ఒక టేపులో వస్తుందట, అది వచ్చేచోట రీలు అరిగిపోయి ఉండేది. నాకు ఆ అరుగుడు అర్థమైంది. కువైట్ నుంచి తిరిగొచ్చిన క్యాసెట్లలో కూడా ఒక్కచోటే రీలు అలా తెల్లబడి ఉండేది, అమ్మ గొంతు ఉన్నచోట.

అయినా మందును పూర్తిగా పక్కన పెట్టి మాట్లాడితే అబద్ధమవుతుంది. 2000 నవంబరు 16న స్క్రూ తన స్టూడియోలో చనిపోయి కనిపించాడు. ఇరవై తొమ్మిదేళ్లు. ఒంట్లో కొడీన్, దానితో కలిసిన ఇతర మత్తుపదార్థాలు. ఆ ఏడాదే బిగ్ మో ఆ సిరప్ పేరునే ఊరికి తగిలించి ఆల్బమ్ వేశాడు. ఏడేళ్ల తర్వాత ముప్ఫైల్లోనే బిగ్ మో కూడా గుండె ఆగి పోయాడు. స్క్రూ బృందంలోని ఫ్యాట్ ప్యాట్‌ని 1998లోనే కాల్చేశారు, అతని అన్న బిగ్ హాక్‌ని 2006లో. ఆ టేపులు పెట్టుకుంటే ఇప్పుడు వినిపించే గొంతుల్లో చాలామటుకు పోయినవాళ్లవే. బిగ్ పోకీ 2023 జూన్‌లో బోమాంట్‌లో పాడుతూ పాడుతూ స్టేజీ మీదే కూలిపోయాడు.

ఇంకో గొంతు సంగతి. 2020 మే 25న మినియాపొలిస్‌లో పోలీసు మోకాలి కింద ప్రాణం పోయిన జార్జ్ ఫ్లాయిడ్ థర్డ్ వార్డ్‌లో పెరిగినవాడే. 1990ల స్క్రూ టేపులు కొన్నింటిలో బిగ్ ఫ్లాయిడ్ పేరుతో పాడాడు. ప్రపంచమంతా అతని ఆఖరి నిమిషాలను చూసింది. హ్యూస్టన్ దక్షిణపు వైపువాళ్ల దగ్గర మాత్రం ఇరవయ్యేళ్ల పైనుంచే అతని గొంతు ఉంది, నిండు యవ్వనంలో, నింపాదిగా, తన పేరు తను చెప్పుకుంటూ.

తర్వాతి కథ త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే అది అందరికీ తెలిసిన కథే. ఉత్తరపు వైపు స్విషాహౌస్‌వాళ్లు ఇదే పద్ధతి అందుకున్నారు. 2005లో మైక్ జోన్స్, పాల్ వాల్ లాంటి వాళ్లతో హ్యూస్టన్ దేశమంతా మోగింది. న్యూయార్క్ హార్లెమ్ కుర్రాడు ఏసాప్ రాకీ ఈ నిదానాన్ని అరువు తెచ్చుకున్నాడు. 'మూన్‌లైట్' సినిమాకి సంగీతం చేసిన నికొలస్ బ్రిటెల్ వయొలిన్లనే ఈ పద్ధతిలో లాగదీశాడు, ఆ సినిమాకి ఉత్తమ చిత్రం ఆస్కార్ వచ్చింది. హ్యూస్టన్ విశ్వవిద్యాలయం గ్రంథాలయం స్క్రూ రికార్డుల్ని వెయ్యికి పైగా సేకరించి భద్రపరిచింది, 2012లో ప్రదర్శన పెట్టింది. నేనూ వెళ్లాను. అద్దాల పెట్టె ముందు నిలబడితే, వానకు తడిసి చువ్వతో సహా తుప్పుపట్టిపోయిన మా చీటీలు గుర్తొచ్చి కొంచెం అసూయ కలిగింది.

ఇప్పుడు మా అమ్మాయి ఫోనులో ఇళయరాజా తెలుగు పాటలు 'స్లోడ్ అండ్ రివెర్బ్' అని వింటుంది. చక్కగా ఉన్న బాలు గొంతును దించి, గుహలో పెట్టినట్టు చేస్తారు. దీని పుట్టుక మనం ఉన్న ఊళ్లోనే అంటే "నాన్నా, ఇది ఇన్‌స్టాగ్రామ్‌ది" అంటుంది. దీంట్లో నాకు ఒకటే లోటు. అందరికీ ఒకే పాట, ఒకే నిదానం. ఎవరి పేరూ ఉండదు.

జూన్ 27 వచ్చిందంటే హ్యూస్టన్‌వాళ్లు ఇప్పటికీ ఆ ముప్పై అయిదు నిమిషాలూ పెట్టుకుంటారు. ఎవరి పుట్టినరోజో తెలియనివాళ్లు కూడా. ఆ కుర్రాడు నాకిచ్చిన బూడిదరంగు క్యాసెట్ నా దగ్గరే ఉంది. 2001 తర్వాత అతను కనిపించలేదు, ఊరు మారాడని ఎవరో అన్నారు. మొన్న జూన్‌లో గరాజ్ సేల్‌లో పదిహేను డాలర్లకు ఒక పాత డెక్కు కొన్నాను. క్యాసెట్ పెడితే గొంతు మసకగా, వినీ వినపడనట్టు వచ్చింది. లోపలి ఫెల్టు ముక్క ఊడిపోయింది. కళ్లజోడు మార్చుకుని, ఐదు చిన్న స్క్రూలు విప్పి, వేరే ఖాళీ క్యాసెట్ ఫెల్టు ఇందులో అతికించి, రీలును పెన్సిలుతో బిగించి, మళ్లీ ఐదు స్క్రూలూ బిగించాను. ముప్పై ఏళ్లయినా చెయ్యి మరిచిపోలేదు.

ప్లే నొక్కాను. డ్రమ్ము మీద దెబ్బ పడింది. రెండో దెబ్బ కోసం కాచుకున్నాను. పడింది గానీ, నాకు గుర్తున్నదానికంటే ఆలస్యంగా పడినట్టనిపించింది. డెక్కు పాతది. బెల్టు కొంచెం సాగిందేమో. విప్పి చూద్దామనుకున్నాను, స్క్రూడ్రైవరు చేతిలోనే ఉంది, బిగ్ మో అందుకున్నాడు.